నా ఫోన్‌లో ఏ యాప్ ఉండాలో నేనే చెప్పాలి: కార్పొరేట్ వ్యవహారాల మంత్రి గారికి బహిరంగ లేఖ

కేంద్ర ఆర్థిక, కార్పొరేట్ వ్యవహారాల శాఖ మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి నమస్కారం.

అమ్మా, నేను చిత్తూరు జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో పద్నాలుగేళ్లుగా కంప్యూటర్ సైన్స్ చెబుతున్నాను. మీకు తెలుగు వచ్చు కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను.

రెండేళ్ల కిందట మా ఫైనలియర్ విద్యార్థి ఒకడు సెలవుల్లో కూర్చుని ఒక యాప్ తయారు చేశాడు. వాళ్ల నాన్న ఊళ్లో పాల కేంద్రం నడుపుతాడు. పొద్దున, సాయంత్రం ఎవరెన్ని లీటర్లు పోశారు, ఫ్యాట్ ఎంత వచ్చింది అన్నది నోటుపుస్తకంలో రాసుకుని, పదిహేను రోజులకొకసారి లెక్క కట్టి డబ్బులివ్వాలి. ఒక్క అంకె తప్పితే కేంద్రం ముందు గొడవే. ఆ లెక్కంతా ఫోన్ చేసిపెట్టేలా పిల్లవాడు యాప్ రాశాడు. దానికి నెట్ అక్కర్లేదు, ఎవరి వివరాలూ ఫోన్ దాటి బయటికి పోవు. యాప్‌ను ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేసే ఏపీకే ఫైలును వాట్సాప్‌లో నాన్నకు పంపాడు, ఆయన ఇన్‌స్టాల్ చేసుకున్నాడు. తర్వాత చుట్టుపక్కల ఊళ్ల పాల కేంద్రాల వాళ్లు కూడా అడిగి తీసుకున్నారు.

అతను దాన్ని ప్లే స్టోర్‌లో పెట్టలేదు. పెట్టాలంటే 25 డాలర్లు కట్టాలి, గుర్తింపు పత్రాలు ఇవ్వాలి. కొత్తగా ఖాతా తెరిచిన వ్యక్తి అయితే పన్నెండు మందిని పోగేసి పద్నాలుగు రోజులు యాప్‌ను పరీక్ష చేయించాలి. ఆరేడు పాల కేంద్రాల కోసం ఇంత తతంగం ఎందుకని ఊరుకున్నాడు. అది తప్పనిపించలేదు నాకు. ఆండ్రాయిడ్ గురించి క్లాసులో చెప్పేటప్పుడు నేను మెచ్చుకునేది కూడా ఈ ఒక్క గుణాన్నే. ఎవరి అనుమతీ లేకుండా ఒక మనిషి తన అవసరానికి యాప్ రాసుకుని, తెలిసినవాళ్లకు ఇచ్చుకోవచ్చు.

ఆ వెసులుబాటు పోయేలా ఉంది. 2025 ఆగస్టులో గూగుల్ ఒక ప్రకటన చేసింది. తమ సేవలతో వచ్చే ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇకపై ఏ యాప్ ఇన్‌స్టాల్ కావాలన్నా, దాన్ని తయారు చేసిన డెవలపర్ తన పేరు, చిరునామా, గుర్తింపు గూగుల్‌కు ఇచ్చి నమోదై ఉండాలంది. ప్లే స్టోర్‌తో సంబంధం లేకుండా బయట దొరికే యాప్‌లకు కూడా ఇదే నియమం. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేసియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లలో మొదలుపెట్టి, 2027 నుంచి మిగతా దేశాలకు తెస్తామని చెప్పింది. అన్ని వైపుల నుంచి విమర్శలు వచ్చాక, విద్యార్థులకు కొద్ది ఫోన్ల వరకు వేరే ఖాతా ఇస్తామని, అనుభవమున్న వాడుకదారులకు ఇంకో దారి ఉంచుతామని నవంబరులో సర్దిచెప్పింది. కంప్యూటర్‌కు కేబుల్ కలిపి కమాండ్లు కొట్టి వేసుకునే పాత పద్ధతి ఎలాగూ ఉంటుందట. పాల కేంద్రం నడిపే మనిషి కేబుల్ తగిలించి కమాండ్లు కొడతాడా అమ్మా?

ఇచ్చిన సడలింపులు మంచివే అనుకుందాం. వాటిని ఇచ్చేదీ, రేపు వెనక్కి తీసుకునేదీ కంపెనీయే. నా బాధ అక్కడే ఉంది. పొలం నా పేరున పట్టా అయి ఉన్నా, అందులో ఏ పైరు వేయాలో విత్తనాల కంపెనీ సంతకం పెట్టాకే నాగలి దించాలంటే ఏ రైతైనా ఒప్పుకుంటాడా?

ఇదంతా మోసాలను ఆపడానికే అంటోంది గూగుల్. ప్లే స్టోర్‌లో కంటే ఇంటర్నెట్ నుంచి నేరుగా దించుకునే యాప్‌లలో హానికరమైనవి 50 రెట్లకు పైగా ఎక్కువని తమ పరిశీలనలో తేలిందంది. ఈ మాటను నేను తేలిగ్గా తీసేయలేను. కిందటేడు మా బావగారి ఫోన్‌కు మీ బండికి చలానా ఉందంటూ వాట్సాప్‌లో ఒక ఏపీకే వచ్చింది. ఆయన ఆర్టీసీలో రిటైరైన మనిషి, చలానా అనగానే కంగారుపడి నొక్కారు. అడిగిన ప్రతిదానికీ సరే అన్నారు. ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి కూడా అందులో పోయింది. గంటలో 68 వేలు ఖాతా దాటాయి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసేసరికి డబ్బు మూడు ఖాతాలు మారింది. మా అక్క ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఇలాంటి ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో ఉన్నాయి. పీఎం కిసాన్ పేరుతో, పెళ్లి పత్రిక పేరుతో, బ్యాంకు కేవైసీ పేరుతో ఇదే ఏపీకే తిరుగుతోంది.

అందుకే ఈ విషయం మీద చాలా ఆలోచించాను. మా బావగారి డబ్బు చేరిన మూడు ఖాతాలకూ కేవైసీ ఉంది. ఆ మెసేజ్ పంపిన సిమ్ కూడా ఎవరో ఒకరి గుర్తింపు పత్రం మీద తీసుకున్నదే. ఆ ఖాతాల అసలు యజమానులు కొద్దిపాటి కమీషన్‌కు పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు అప్పగించిన పేదవాళ్లు. మ్యూల్ ఖాతాలని పోలీసులు రోజూ చెబుతున్నది వీటి గురించే. బ్యాంకు ఖాతాను అద్దెకు తీసుకోగలిగిన ముఠా, ఒక డెవలపర్ ఖాతాను అద్దెకు తీసుకోలేదా? పాతిక డాలర్లు వాళ్లకు లెక్కా? గుర్తింపు అడిగితే ఆగిపోయేది దొంగ అవుతాడని నాకు నమ్మకం లేదు. మా విద్యార్థి మాత్రం తప్పకుండా ఆగిపోతాడు.

ప్లే స్టోర్ లోపల ఉన్నదంతా క్షేమమేనా అంటే, 2020 చివర్లో హైదరాబాద్‌లో లోన్ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్లను మనం మరచిపోలేదు. 2022 సెప్టెంబరు నుంచి 2023 ఆగస్టు మధ్యలో 2,200కు పైగా లోన్ యాప్‌లను గూగుల్ తన స్టోర్ నుంచి తీసేసిందని 2024 ఫిబ్రవరిలో మీ ఆర్థిక శాఖే పార్లమెంటుకు చెప్పింది. తీసేశారంటే అంతవరకూ అవి లోపల ఉన్నట్టే కదా.

మోసాన్ని ఆపే మెరుగైన దారులు ఉన్నాయి. బయటి నుంచి వచ్చిన యాప్ ఎస్సెమ్మెస్‌లు చదువుతానని, స్క్రీన్ మీద అన్నీ చూస్తానని అడిగినప్పుడు ఫోన్ గట్టిగా అడ్డుపడాలి. 2024 అక్టోబరులో గూగుల్ మన దేశంలో ప్రయోగాత్మకంగా పెడతామని ప్రకటించింది దాదాపు ఇదే. దాన్ని నేను స్వాగతిస్తాను. అది అనుమతిని బట్టి ఆపుతుంది, తయారుచేసిన మనిషి ఎవరన్నదాన్ని బట్టి కాదు. పాల లెక్క యాప్‌కు ఎస్సెమ్మెస్‌లతో పనేముంది? హెచ్చరిక అచ్చ తెలుగులో, పెద్ద అక్షరాలతో, మా బావగారికి అర్థమయ్యేలా ఉండాలి. అంతా చదివాక సరే అనాలో వద్దో ఫోన్ యజమానే తేల్చుకోవాలి.

ఏదైనా తేడా వస్తే మా బోటివాళ్లు ఎవరికి మొరపెట్టుకోవాలో కూడా ఆలోచించండి. 2024 మార్చిలో, యాప్‌లలో జరిగే చెల్లింపుల మీద గూగుల్ తీసుకునే ఫీజు గురించి గొడవ వచ్చినప్పుడు భారత్ మ్యాట్రిమొనీ, నౌక్రీ లాంటి పెద్ద సంస్థల యాప్‌లనే గూగుల్ రాత్రికి రాత్రి స్టోర్ నుంచి తీసేసింది. ఐటీ మంత్రి అశ్వినీ వైష్ణవ్ గారు కల్పించుకున్నాక అవి తిరిగి వచ్చాయి. చిత్తూరు జిల్లాలో యాప్ రాసిన కుర్రాడి తరఫున ఏ మంత్రి ఫోన్ చేస్తారు?

బయటి యాప్‌లు ఎందుకు కావాలో ఇంకో ఉదాహరణ. నెట్ లేని బడుల్లో వికీపీడియా మొత్తం చదువుకోవడానికి కివిక్స్ అనే ఉచిత యాప్ ఉంది. తెలుగు వికీపీడియా కూడా అందులో దొరుకుతుంది. ప్లే స్టోర్ నియమాల వల్ల అక్కడి కివిక్స్‌లో మెమరీ కార్డులోని ఫైళ్లను నేరుగా తెరవడానికి ఆంక్షలు వచ్చిపడ్డాయి. పూర్తి యాప్ కావాలంటే మా వెబ్‌సైట్ నుంచి తీసుకోండని తయారుచేసినవాళ్లే చెప్పాల్సి వచ్చింది. ఒకే కార్డులో వికీపీడియా వేసి పదిమంది పిల్లలకు పంచాలనుకునే టీచరుకు ఉపయోగపడేది ఆ బయటి యాపే. ఎఫ్-డ్రాయిడ్ అనే స్టోర్ 2010 నుంచి కేవలం ఓపెన్ సోర్స్ యాప్‌లను, అంటే లోపలి కోడ్‌ను ఎవరైనా చూడగలిగే వాటిని, ఉచితంగా ఇస్తోంది. తెలుగుతో సహా మన భాషల్లో టైప్ చేసుకునే ఇండిక్ కీబోర్డు అందులో ఉంది. కొత్త నియమం వస్తే తాము మనలేమని ఆ ఎఫ్-డ్రాయిడ్ వాళ్లు 2025 సెప్టెంబరులోనే మొత్తుకున్నారు.

ఐఫోన్ సంగతి వేరే చెప్పాలి. దానికి మన దగ్గర మొదటి నుంచీ ఒకటే గుమ్మం, ఆపిల్ సొంత స్టోర్. యూరోపియన్ యూనియన్ చట్టం చేశాక, 2024 మార్చి నుంచి అక్కడి ఐఫోన్లలో ఆపిల్‌ది కాని స్టోర్లు కూడా పెట్టుకోవచ్చు. 2025 డిసెంబరులో జపాన్‌లోనూ అలాంటి చట్టం అమలుకొచ్చింది. ఐఫోన్లు శ్రీపెరంబుదూరులో మన ఆడపిల్లల చేతుల మీదుగా తయారవుతున్నాయి. అక్కడ తయారైన ఫోన్ జర్మనీలో కొన్నవాడికి ఇచ్చే స్వేచ్ఛ తిరుపతిలో కొన్నవాడికి లేదు. ఫోన్‌లో తేడా లేదు, చట్టంలోనే ఉంది. అందుకే ఈ లేఖ కంపెనీలకు కాకుండా మీకు రాస్తున్నాను.

మన దగ్గర ఈ ఆలోచన లేదని కాదు. 2022 అక్టోబరు 20న, మార్కెట్లో పోటీకి అడ్డంకులు రాకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల జరిమానా వేసినప్పుడు, డెవలపర్లు ప్లే స్టోర్ బయట యాప్‌లు ఇచ్చుకోవడాన్ని ఏ విధంగానూ అడ్డుకోవద్దని కూడా ఆదేశించింది. 2023 మార్చిలో అప్పీలు విన్న జాతీయ కంపెనీ లా అప్పిలేట్ ట్రైబ్యునల్ (ఎన్‌సీఎల్ఏటీ) జరిమానాను నిలబెట్టి, నాలుగు ఆదేశాలను కొట్టేసింది. అందులో ఇదీ పోయింది. మీ శాఖ వేసిన కమిటీ ఆ తర్వాత 2024 మార్చిలో డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదాను ప్రజల ముందు పెట్టింది. బయటి యాప్‌లను దించుకోవడాన్ని, ఇన్‌స్టాల్ చేసుకోవడాన్ని పెద్ద సంస్థలు అడ్డుకోరాదన్న మాట అందులో ఉంది. చదివినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో! ఆ ముసాయిదా ఇంకా పార్లమెంటు గడప తొక్కలేదు.

ఇదే న్యాయం ప్రభుత్వానికీ వర్తిస్తుందని చెప్పకపోతే నా మాట సగమే అవుతుంది. 2025 నవంబరు చివర్లో టెలికాం శాఖ ప్రతి కొత్త ఫోన్‌లోనూ, పోయిన ఫోన్ల మీద, మోసపు కాల్స్ మీద ఫిర్యాదు చేసే ప్రభుత్వ యాప్ సంచార్ సాథీని ముందే వేసి ఇవ్వాలని తయారీదారులకు చెప్పింది. జనం అభ్యంతరం చెప్పాక డిసెంబరు 3న వెనక్కి తీసుకుంది. అది మంచి పని. వద్దన్నా పెట్టడం, కావాలన్నా ఆపడం, రెండింటిలోనూ ఫోన్ కొన్న మనిషి మాటకు విలువ లేకుండా పోతుంది.

నేను కోరేవి మూడు. ఆ బిల్లును ఆ నిబంధనతో సహా సభకు తీసుకురండి. కొత్త నియమం మన దేశానికి రాకముందే కాంపిటీషన్ కమిషన్ దాన్ని పరిశీలించేలా చూడండి. కంపెనీ దగ్గర నమోదు కాని యాప్‌ను హెచ్చరిక చదివి, నెట్ లేకుండా, ఎవరి అనుమతీ అడగకుండా వేసుకునే దారి మన దేశంలో అమ్మే ప్రతి ఫోన్‌లో ఉండాలని రాతపూర్వకంగా చెప్పండి.

మా విద్యార్థి ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్ల నాన్న ఫోన్ స్క్రీన్ పగిలింది, కొత్తది కొనాలి. కొత్త ఫోన్‌లో మన పాల లెక్క పనిచేస్తుంది కదా సార్ అని ఆయన మొన్న నన్ను అడిగాడు. ప్రస్తుతానికి పనిచేస్తుంది అన్నాను. 2027 తర్వాత ఏం చెప్పాలో మీరు చెప్పాలి అమ్మా.

ఇట్లు,
ఒక కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు,
చిత్తూరు జిల్లా