పంబన్ కంటే నలభై ఏళ్ల ముందే

సంపాదకుల వారికి నమస్కారం.

మా బరంపురానికి మీ పేపరు చేరేసరికి పొద్దు బాగా ఎక్కిపోతుంది. అయినా మానకుండా చదువుతాను. ఈ మధ్య రామేశ్వరం దగ్గర సముద్రం మీద కట్టిన పంబన్ కొత్త రైలు వంతెన గురించి మీరు వేసిన వ్యాసం బాగుంది. ఓడ వచ్చినప్పుడు 72.5 మీటర్ల ముక్కను లిఫ్టులాగా 17 మీటర్లు పైకి లేపడం పిల్లలకు కూడా అర్థమయ్యేలా రాశారు. కానీ చివర్లో, మన దేశంలో ఓడలకు దారి ఇచ్చిన మొట్టమొదటి వంతెన 1914 నాటి పాత పంబనే అని ఒక మాట వేశారు. నా పేచీ అక్కడే.

గంజాం, శ్రీకాకుళం వైపు నుంచి జూట్ మిల్లు పనులకు కలకత్తా వెళ్లిన కుటుంబాలు బోలెడు. మాదీ అందులో ఒకటి. తాతయ్య హౌరా మిల్లులో కూలి. బజారుకి గంగ దాటి వెళ్లాలి (అక్కడున్నవాళ్లకు హుగ్లీ కూడా గంగే). అలా ఒకసారి దాటబోతే ఏమైందో నాయనమ్మ చెప్పేది: "సామాన్లు నెత్తినెట్టుకుని వచ్చేసరికి వంతెన ఇప్పేసినారు. ఇంకేటి సేస్తాం, గట్టు మీద కూకున్నాం." విప్పేయడమేమిటి, అది చీర ముడా అని చిన్నప్పుడు నవ్వేదాన్ని.

నిజంగానే విప్పేవారు. సర్ బ్రాడ్‌ఫోర్డ్ లెస్లీ అనే ఇంజనీరు కట్టిన ఆ పాత హౌరా వంతెన స్తంభాల మీద నిలబడింది కాదు, పాంటూన్ల మీద, అంటే బోలుగా ఉండే పెద్ద పడవల్లాంటి వాటి మీద తేలేది. పొడవు 1528 అడుగులు. బండ్ల దారి 48 అడుగుల వెడల్పు, అటూ ఇటూ నడిచేవాళ్లకు ఏడేసి అడుగులు. సామాన్లన్నీ ఇంగ్లండులో తయారై ఓడల్లో వచ్చాయి. ఓడ వెళ్లాలంటే 200 అడుగుల ముక్కను ఊడదీసి పక్కకు జరిపేవారు. ఓడ దాటాక మళ్లీ తెచ్చి బిగించేవారు. 1906 జూన్ దాకా ఈ పని పగలే. ఆ తర్వాత రాత్రిళ్లు కూడా తీశారు గానీ, సముద్రం మీద తిరిగే పెద్ద స్టీమర్లకు మాత్రం పగటిపూటే.

పని పూర్తికాకముందే దానికి గండం వచ్చింది. 1874 మార్చి 20న తుఫానుకు ఎజీరియా అనే స్టీమరు లంగరు తెంచుకుని వచ్చి గుద్దింది. మూడు పాంటూన్లు మునిగాయి, 200 అడుగుల మేర వంతెన దెబ్బతింది. మళ్లీ బాగుచేసి అదే ఏడాది అక్టోబరు 17న జనాన్ని వదిలారు. 1874 ఎక్కడ, 1914 ఎక్కడ!

తేలే వంతెన కాబట్టి పోటు వస్తే లేచేది, ఆటుకి దిగేది. నీళ్లు తగ్గినప్పుడు ఒడ్డు దగ్గర దారి వాలుగా పడిపోయేది. బస్తాలతో ఉన్న ఎడ్లబండి అది ఎక్కాలంటే ఎడ్లు మోకాళ్ల మీద పడేవట, వెనక నుంచి నలుగురు నెట్టాలట. నెట్టి అర్ధణా తెచ్చుకున్న రోజులున్నాయని తాతయ్య అనేవారు. కాస్త కోతేమో అనుకునేదాన్ని. కానీ 1906 ఆగస్టు 27న లెక్క తీస్తే వంతెన మీద పోయిన బండ్లలో పదమూడింట ఎనిమిది వంతులు ఎడ్లబండ్లేనట. అది చదివాక తాతయ్యను నమ్మాను, ఆయన పోయిన చాలా ఏళ్లకి.

ఇప్పుడు సినిమాల్లో చూపించే పెద్ద ఇనప హౌరా వంతెన 1943 ఫిబ్రవరి 3న తెరిచారు. జపాన్ విమానాల భయంతో సభా లేదు, సందడీ లేదు, ఒక ఒంటరి ట్రామ్ దాటింది, అంతే. పాతదానికి అంతపాటి వీడ్కోలైనా దక్కిందో లేదో.

సవరణ ఒక్క లైను వేస్తే చాలు. పాత పంబన్‌ను "సముద్రం మీద" అని రాసుకోండి, నాకు పేచీ లేదు. నది మీద మాత్రం మా నాయనమ్మ గట్టు మీద కూర్చుని ఎదురుచూసినదే ముందుది.

ఇట్లు,
రిటైరైన తెలుగు టీచరు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా