వీడియోల లెక్క కాదు, పిల్లలు కొట్టేసి దిద్దుకున్న జవాబులు చూడండి

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. మా క్లాసుకి పెద్ద టచ్ ప్యానెల్ వచ్చింది, సంతోషం. తనిఖీకి వచ్చినవాళ్లు మాత్రం "రోజుకి ఎన్ని వీడియోలు వేస్తున్నారు మాస్టారూ?" అని అడిగి వెళ్తున్నారు. వీడియో వేస్తే పిల్లలు కిక్కురుమనరు. నా టెన్షన్ అదే.

మొన్న పదో తరగతిలో వీడియో వేయలేదు. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద పిల్లలే మార్చి చూసుకునే ప్రయోగాలు, నెట్‌లో ఉచితం. అందులో సర్క్యూట్ కిట్ తెరిచాను. బ్యాటరీకి ఒకేలాంటి రెండు బల్బులు వరసగా కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుందో ముందు నోట్సులో రాయమన్నాను. చివరి బెంచీ కుర్రాడు లేచి, "మొదటిదే సార్. అది తినగా మిగిలిన కరెంటే కదా రెండోదానికి" అన్నాడు. సగం క్లాసు వాడి పక్షమే. వాడినే పిలిచి కలపమన్నాను. రెండూ ఒకేలా వెలిగాయి. నమ్మలేదు. కరెంటు కొలిచే అమ్మీటర్ బల్బుకి ముందోసారి, తర్వాతోసారి పెట్టి చూశాడు. అదే అంకె. "మరి తిన్నదేంటి సార్?" అన్నాడు. ఆ ప్రశ్న కోసమే కదా ఇంతసేపూ ఎదురుచూసింది!

నిజం బల్బులతోనే చేయించొచ్చుగా అంటారేమో. చేయిస్తాం. కానీ మా ల్యాబ్‌లో ఒక్కలాంటి బల్బులు రెండు దొరకవు. ఒకటి మసకగా వెలిగితే పిల్లల పొరపాటే ఖాయమైపోతుంది. అందుకే ముందు తెర మీద, తర్వాత నిజం బల్బులతో.

ఇలాంటివి సోషల్‌కీ ఉన్నాయి. ఇస్రో వారి ఉపగ్రహ మ్యాపుల సైటు భువన్‌లో మన ఊరి చెరువు వెతికి, గట్టు ఎటుందో, నీళ్లు ఏ పొలాలకి పారుతాయో పిల్లల చేతే గీయించొచ్చు.

నెట్ రాని బడులున్నాయని తెలుసు. ఫెట్‌వి చాలావరకు ముందే డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు, డబ్బుతో పనిలేదు. కావాల్సింది టైము. ఒక్క కృత్యం తయారుచేయడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ట్రైనింగుల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా స్లైడ్లు చూపించే బదులు, పాఠానికొక కృత్యం మాచేత రాయించండి. పక్క బడిలో చేయించి చూసి దిద్దుకోనివ్వండి. బాగున్నవి తెలుగులో అన్ని బడులకూ పంపండి.

ఈసారి తనిఖీకి వచ్చేవాళ్లని పిల్లల నోట్సులు తిరగేయమనండి. ముందు రాసి, తర్వాత వాళ్లే కొట్టేసుకున్న జవాబులు ఎన్నున్నాయో చూడమనండి.

ఇట్లు,
ఒక సైన్స్ మాస్టారు