మా బంగారిని గుర్తుపట్టిన అందరికీ

దీపావళి సాయంత్రం తప్పిపోయిన మా కుక్క బంగారి ఇంటికొచ్చేసింది. అది బాక్సర్ జాతి. ఇది రాస్తుంటే నా పక్కనే చల్లటి గచ్చుకు పొట్ట ఆనించి గురక పెడుతోంది. ఆ గురక వినబడక రెండు రాత్రులు మా ఇంట్లో ఎవరికీ కన్ను మూతపడలేదు. హైదరాబాద్‌లో సైనిక్‌పురి, నేరేడ్‌మెట్, సఫిల్‌గూడ, మల్కాజిగిరి వైపు ఎంతమంది దాని కోసం పెట్టిన మా మెసేజ్ చూసి ఇంకో నాలుగు గ్రూపులకు పంపారో, ఎంతమంది వాకింగ్‌కి వెళ్తూ పార్కింగుల్లోకి తొంగి చూశారో లెక్క తెలియదు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పే వీల్లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

దీపావళి పొద్దున పిల్లలతో పాటు దానికీ తలంటు పోశాం. మెడ బెల్టు తడిసిందని విప్పి బాల్కనీలో ఆరేశాను. మా ఫోన్ నంబరున్న బిళ్ళ ఆ బెల్టుకే ఉంది. సాయంత్రం మా ఆడపడుచు వాళ్ళొస్తే గేటు తీశాం. సరిగ్గా అప్పుడే ఎదురింటి ముందు థౌజండ్ వాలా అంటుకుంది. మూడేళ్ళలో ఎన్నడూ ఒంటరిగా గేటు దాటని పిల్ల, మా కాళ్ళ సందులోంచి దూసుకుపోయింది. మా అబ్బాయి చెప్పులు కూడా లేకుండా వెనకాల పరుగెత్తాడు. సందు మలుపు దాకా కనబడిందట, ఆ తర్వాత అంతా పొగే. రాత్రి రెండింటి దాకా స్కూటీ మీద దాని స్టీలు గిన్నె మోగించుకుంటూ తిరిగాం. ఇంటికొచ్చేసరికి అత్తయ్య పూజగదిలోనే కూర్చుని ఉన్నారు, పాయసం గిన్నె మీద మూత కూడా తీయలేదు.

ఆ రాత్రే గ్రూపుల్లో పెట్టాను: ‘గోధుమరంగు కుక్క తప్పిపోయింది, పేరు బంగారి’ అని, అది సోఫా మీద ముడుచుకుని పడుకున్న ఫొటో ఒకటి. తెల్లారేసరికి ఫోన్లే ఫోన్లు. మన దగ్గర ఏ గల్లీలో చూసినా ఒక గోధుమరంగు కుక్క ఉంటుంది. ఫోన్ వచ్చిన ప్రతిచోటికీ ఆశగా పరుగెత్తాం. ఒకచోట లాబ్రడార్, మిగతా అన్నిచోట్లా వీధికుక్కలు. ఫోన్ చేసినవాళ్ళ తప్పేం లేదు. నేను రాసింది చూసి మా బంగారిని ఎవరూ గుర్తుపట్టలేరు.

ఆ సంగతి నాకు చెప్పింది దాన్ని చిన్నప్పటి నుంచి చూస్తున్న డాక్టరమ్మ. పండగ మర్నాడు పొద్దున ఆరున్నరకి ఆవిడే ఫోన్ చేశారు. “రంగు ఒక్కటే రాస్తే లాభం లేదమ్మా. బాక్సర్ అని రాసినా జాతులు తెలిసినవాళ్ళకే అర్థమవుతుంది. దాని ముఖం రాయండి, ఒళ్ళు రాయండి, మనిషి కనబడితే ఏం చేస్తుందో రాయండి” అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు, అది నాకు తట్టనే తట్టలేదు. బాక్సర్ అని నెట్‌లో వెతికితే చెవులు నిక్కబొడుచుకుని, తోక మొండిగా ఉన్న బొమ్మలు చాలా వస్తాయి. అవి పుట్టుకతో వచ్చినవి కావు, కత్తిరించినవి. మా బంగారికి మేం ఏదీ కోయించలేదు. చెవులు బుగ్గల మీదికి వాలి ఉంటాయి, తోక పొడుగ్గా ఉంటుంది. ఆ ముక్క రాయకపోతే బొమ్మ చూసినవాళ్ళు ‘ఇది బాక్సర్ కాదు’ అనుకుని వదిలేస్తారట.

అప్పుడు కూర్చుని మళ్ళీ రాశాను. మూతి పొట్టి, మొత్తం తలలో మూడో వంతే. మూతి చుట్టూ నల్లగా ఉంటుంది. కింది దవడ పైదాని కన్నా ముందుకు వచ్చి ఉంటుంది, కానీ నోరు మూస్తే పళ్ళు కనబడవు. పై పెదవులు రెండు పక్కలా వేలాడతాయి. ఏదైనా చప్పుడు వింటే నుదుటి మీద ముడతలు పడతాయి, అప్పుడు ఏదో దిగులుపడ్డ మనిషిలా కనబడుతుంది. వెంట్రుకలు పొట్టిగా, నున్నగా ఉంటాయి. గుండె మీద తెల్లటి మచ్చ, నాలుగు పాదాలకూ తెల్ల సాక్సులు. ఛాతీ వెడల్పు, నడుము సన్నం, పక్కనుంచి చూస్తే ఎత్తూ పొడవూ ఇంచుమించు సమానం. భుజం దగ్గర ఎత్తు 55 సెంటీమీటర్లు, బరువు 26 కిలోలు.

గుణం రాయడానికే ఎక్కువ సేపు పట్టింది. కొత్తవాళ్ళు కనబడితే మీదికి రాదు, ఊరికే మొరగదు. నిలబడి మనిషిని కాసేపు చదువుతుంది. నచ్చారంటే మాత్రం ఒక్క తోక ఊపి ఊరుకోదు, నడుము మొత్తం ఊపుతుంది. మూతీ తోకా కలుస్తాయేమో అన్నంతగా ఒళ్ళు వంచి పక్కవాటుగా నడిచొస్తుంది. ఈ జాతి కుక్కలన్నీ దాదాపు ఇలాగే చేస్తాయట. తర్వాత ముందు కాలెత్తి మోకాలి మీద తడుతుంది. పిల్లలంటే ప్రాణం. బాక్సర్లకు పెద్దరికం ఆలస్యంగా వస్తుందంటారు, మా బంగారికి మూడేళ్ళు నిండినా ఇంకా కుక్కపిల్ల చేష్టలే. చివర్లో ‘దయచేసి తరమకండి, కొట్టకండి’ అని రాసి పంపించాను.

ఆ సాయంత్రం సఫిల్‌గూడ నుంచి ఒక టీ కొట్టు అన్న ఫోన్ చేశాడు. పొద్దున అయిదింటికి చెరువు పక్క రోడ్డు ఊడ్చే మున్సిపల్ అమ్మ ఒకామె అలాంటి కుక్కను చూశానంటోంది, మాట్లాడండి అని ఫోన్ ఆమెకిచ్చాడు. ఆమె చెప్పిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. “మూతికి మసి పూసినట్టుండె బిడ్డా. కింది దౌడ ముందటికొచ్చింది. మొకం జూస్తే ఏడుస్తున్నట్టుంది గానీ, నన్ను జూసి నడుం దిప్పుకుంట వచ్చింది. రొట్టె ఏసిన, తినలే. చీపురు సప్పుడుకు ఉరికింది.” బాక్సర్ అనే పేరు ఆమె ఎప్పుడూ వినలేదు. కానీ మూడేళ్ళుగా పెంచుకుంటున్న నేను మొదటి రోజు రాయలేనిది, చీకట్లో రెండు నిమిషాలు చూసి ఆమె చెప్పింది. అమ్మా, మీరు చెప్పకపోతే మేం ఇంకా ఏఎస్ రావు నగర్ సందుల్లోనే తిరుగుతూ ఉండేవాళ్ళం. నేరేడ్‌మెట్ చౌరస్తా ట్రాఫిక్ దాటి అంత దూరం పోయి ఉంటుందని మాలో ఎవరమూ అనుకోలేదు.

మూడో రోజు పొద్దున ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, కార్ల వెనకాల మూలకు చేరి కనబడింది. ముందు చూసినవాళ్ళు ‘పిట్‌బుల్ దూరింది’ అనుకున్నారు, మీదపడి కరుస్తుందని జనం భయపడే జాతి అది. పిల్లల్ని పైకి పంపేసి లిఫ్ట్ దగ్గర మనుషులు నిలబడ్డారట. కర్రలు కూడా వచ్చాయి. వాళ్ళను నేను తప్పుపట్టను. చిన్నపిల్లలున్న ఇళ్ళు, వెడల్పాటి దవడ, ముందుకొచ్చిన గదమ, మెడలో బెల్టు లేదు, ఎవరికైనా టెన్షనే. నిషేధం ఉన్న జాతి అని కూడా ఎవరో అన్నారట. ప్రమాదకరమైన కుక్కల్ని నిషేధించమని 2024 మార్చిలో కేంద్రం రాష్ట్రాలకు రాసిన లేఖలోని 23 రకాల జాబితాలో బాక్సర్ లేదు. ఆ లేఖను మరుసటి నెలలోనే కర్ణాటక హైకోర్టు కొట్టేసింది కూడా. కానీ ఆ గాబరాలో ఇవన్నీ ఎవరికి గుర్తుంటాయి?

అక్కడ అడ్డం నిలబడింది రెండో అంతస్తులో ఉండే డిగ్రీ చదివే అమ్మాయి. ఆమె తాతగారు మిలిటరీలో చేసి రిటైరయ్యారు, వాళ్ళింట్లో ఒకప్పుడు బాక్సర్ ఉండేదట. “పిట్‌బుల్ మూతి ఇంతకన్నా పొడుగు, దాని పై పళ్ళూ కింది పళ్ళూ కత్తెరలా కలుస్తాయి. దీని కింది దవడ చూడండి, నుదుటి ముడతలు చూడండి” అని అందరికీ చెప్పి నాలుగడుగులు వెనక్కి జరిపించింది. తాను మాత్రం ఎదురుగా వెళ్ళలేదు. పక్కకు తిరిగి నేల మీద కూర్చుంది, దాని కళ్ళలోకి చూడలేదు, చెయ్యి చాపలేదు. పది నిమిషాలు అలాగే కూర్చుందట. బంగారి లేచి, ఒళ్ళు సున్నాలా చుట్టుకుని పక్కవాటుగా వచ్చి ఆమె మోకాలి మీద కాలేసింది. “అప్పుడే కన్ఫర్మ్ అయిపోయింది ఆంటీ, మా తాతయ్య వాళ్ళదీ ఇలాగే వచ్చేది” అంది నాతో. ఆ తర్వాతే కాలనీ గ్రూపులో వెతికి మా నంబరు పట్టుకుంది.

ఆ పది నిమిషాలూ కర్ర చేతిలో ఉండి కూడా దించి పట్టుకుని నిలబడ్డ వాచ్‌మన్ అన్నకు నా దండం. అది నిజంగా పిట్‌బుల్ అయి ఉన్నా ఆ మూల నక్కిన ప్రాణిని కొట్టాల్సిన పని లేదని నా నమ్మకం.

మేం వెళ్ళేసరికి బంగారి ముందు వెడల్పాటి బేసిన్‌లో నీళ్ళున్నాయి, పొట్ట కింద తడిపిన టవల్ ఉంది. అవి చూసి నాకు ఏడుపు ఆగలేదు. కుక్కలు ఒంటి వేడిని ఎక్కువగా రొప్పి పోగొట్టుకుంటాయి. బాక్సర్‌కి మూతి పొట్టి కావడంతో అది సరిగా సాగదు, పరుగెత్తి అలసిపోతే ప్రమాదం. వీళ్ళకు ఇంత తెలిసి ఉండటం మా అదృష్టం. తాతగారు కుర్చీ వేసుకుని దూరంగా కూర్చుని ఉన్నారు. బంగారిని మాకు అప్పగించే ముందు దాని కింది దవడ వేలితో మెల్లగా నిమిరి, దీని పూర్వీకులు జర్మనీలో వేటకుక్కలనీ, అడవిపందిని పట్టుకుని వేటగాడు వచ్చేదాకా వదలకుండా ఉండేవనీ, ఊపిరి ఆడేందుకే ముక్కు వెనక్కి, దవడ ముందుకి ఉందని చెబుతారనీ అన్నారు. ఆయన గొంతు కొంచెం వణికింది. వాళ్ళ కుక్కను తలుచుకున్నారనుకుంటాను.

నన్ను చూడగానే బంగారి పరుగెత్తి రాలేదు. నిలబడి చూసింది, ముక్కు ఎగబీల్చింది, నుదురు ముడతలు పడింది. ‘బంగారీ’ అన్నాను. అంతే, వెనక భాగం ముందు భాగాన్ని దాటిపోతుందేమో అన్నట్టు తిరుగుతూ వచ్చి నా చీరంతా చొంగ చేసేసింది. ఆ చీర ఇంకా ఉతకలేదు.

డాక్టరమ్మ చూశారు. అరికాళ్ళు ఒరుసుకుపోయాయి, ఎడమ వెనక కాలి గోరు విరిగింది, రెండు కిలోలు తగ్గింది. బాక్సర్లకు గుండె జబ్బులు వచ్చే అవకాశం ఎక్కువని గుండె కూడా జాగ్రత్తగా విని, బాగానే ఉందన్నారు. వచ్చేవారం చర్మం కింద గుర్తింపు మైక్రోచిప్ వేయిస్తున్నాం. బెల్టు ఇప్పుడు రెండున్నాయి, ఒకటి తడిస్తే ఇంకోటి వేస్తున్నాం.

ఊడ్చే అమ్మ ఇంటికి ఆదివారం అత్తయ్యా నేనూ వెళ్తున్నాం. డబ్బులిస్తానంటే ఫోన్‌లోనే వద్దంది, ‘కుక్కను ఒకసారి సూపెట్టు బిడ్డా’ అంది. అందుకని బంగారీ వస్తోంది.

మా పాత మెసేజ్ ఇంకా గ్రూపుల్లో తిరుగుతోంది, ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ఎక్కడైనా ఆ మెసేజ్ కనబడితే దయచేసి కింద ‘దొరికింది’ అని రాయండి.