నారుకు నాచు రసం: సీసాపై గాఢత ఎక్కడ?
సముద్రపు నాచు రసాన్ని ఎరువనుకుని నారుమళ్లలో ఇష్టానుసారం పోయడంతో లేత మొక్కలు దెబ్బతింటున్నాయి. ఇందులో నత్రజని, భాస్వరం నామమాత్రమే. పనిచేసేది సైటోకైనిన్లు (కణవిభజనను పెంచే హార్మోన్లు), బీటైన్లు (ఒత్తిడిని తట్టుకోవడానికి తోడ్పడేవి), ఆల్జినేట్ల (నాచులోని జిగురు పదార్థాలు) వంటివి, అదీ పలుచగా వాడితేనే. మామూలు గాఢత ఉన్న ద్రావణమైతే లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు చాలు. మొలక ఆకుల తర్వాత వచ్చే అసలు ఆకులు రెండు విచ్చుకున్నాక ఎండ లేని వేళ ఒకసారి పిచికారీ చేసి, నాటే ముందు వేళ్లను 10 నిమిషాలు ముంచితే సరి. మోతాదు మించితే వేరు సాగదు, ఉప్పుకు ఆకు అంచులు మాడతాయి. ఒడ్డున ఏరిన నాచును మంచినీటితో బాగా కడగకుండా ఇంట్లోనే మురగబెట్టి వాడేచోట ఈ మాడు మరీ ఎక్కువ. అసలు చిక్కు మాత్రం సీసా దగ్గరే ఉంది. ఏ జాతి నాచో, ఘనపదార్థం ఎంత శాతమో చాలా సీసాలపై కనబడదు. 5 శాతం ద్రావణానికీ 20 శాతం ద్రావణానికీ ఒకే మోతాదు ఎలా సరిపోతుంది? ఆస్కోఫిల్లమ్ అనే గోధుమ నాచు రసం, కప్పాఫైకస్ అనే ఎర్ర నాచు రసం కూడా ఒకటి కావు. జాతి, గాఢత, లవణాంశం, తయారీ తేదీతో పాటు నారుకు విడిగా మోతాదు ముద్రించడం తప్పనిసరి చేయాలి. అంతవరకు ఏ కొత్త సీసానైనా 20 మొక్కలపై వారం పాటు చూశాకే మడి మొత్తానికి వాడాలి.