దసరా నుంచి పట్టు చీర మీద 400 రూపాయలు పెరుగుతున్నాయి, ఎందుకంటే

పోచంపల్లిలో మా దగ్గర చీరలు తీసుకునే అక్కలకు, అన్నలకు నమస్తే. దసరా నుంచి ఒక్కో పట్టు చీర మీద 400 పెంచుతున్నాం. పట్టు రేటు పెరిగిందని చెప్పి ఊరుకోవచ్చు గానీ అసలు కారణం ఆసు కూలీ, అంటే రంగు అద్దే ముందు పోగును మేకుల చుట్టూ చుట్టే పనికి కూలీ.

మగ్గం మీద ఎవరు కూర్చున్నా ఆసు పోసేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే. అర్ధచంద్రంలా కొట్టిన మేకుల చుట్టూ పోగు తిప్పుతూ ఉండాలి, ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి, సాయంత్రానికి భుజం పట్టేసి జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవదు. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ పడే ఈ బాధ చూసే 1999లో లక్ష్మీ ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. యంత్రం కొన్న ఇళ్లల్లో నొప్పి తగ్గింది, నిజమే. కానీ యంత్రం మీద పోసినా చేత్తో పోసినా ఆ పనికి విడిగా లెక్క లేదు, కూలీ మొత్తం నేసినాయన చేతికే పోతుంది. ఇక నుంచి మాకు నేసే ఇళ్లల్లో ఆసు కూలీ వేరుగా కట్టి ఆమె ఖాతాలో వేస్తాం. "ఇంట్ల పైసలు ఇంట్లనే ఉంటయ్ గద సేటూ, రెండు ఖాతాలెందుకు" అని ఒకాయన అడిగితే, లోపలి నుంచి ఆయన భార్య "అట్లయితే మొత్తం నా ఖాతాలనే ఎయ్యి సేటూ, ఇంట్లనే ఉంటయ్ గద" అంది. తర్వాత ఆయన మాట్లాడలేదు.

రెండో కారణం అద్దకంలో మిగిలే రంగు నీళ్లు. అద్దకం షెడ్డులో రెండు తొట్లు కట్టాం, పటిక, సున్నం వేసి మురికి అడుగుకు దింపి, తేరిన నీళ్లను ముదురు రంగుల మొదటి కడుగుకు వాడుతున్నాం (ఫ్లోరైడ్ తీయడానికి పెట్టిన నల్గొండ పద్ధతిలో కూడా ఇవే పటిక, సున్నం, మా వైపు కొత్తేం కాదు). రంగు పూర్తిగా పోదు, పలచబడుతుంది అంతే. అడుగున మిగిలే మడ్డిని ఏం చేయాలో ఇంకా తేలలేదు, ప్రస్తుతం డ్రముల్లో మూత పెట్టి ఉంచాం. అందుకే లేబుల్ మీద 'ఎకో ఫ్రెండ్లీ' అని వేయమని ఎంతమంది అడిగినా వేయడం లేదు.

ఇదే డిజైను ప్రింటు చీర తక్కువకే వస్తుంది కదా అంటారు, వస్తుంది. తిప్పి చూడండి, చాలావాటికి వెనక రంగు వెలిసినట్టు ఉంటుంది. చిటికి కట్టి (పోగుకు అక్కడక్కడా దారంతో గట్టిగా కట్టి రంగు అద్ది) నేసింది రెండు వైపులా ఒకేలా కనపడుతుంది, డిజైను అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి, అది డ్యామేజీ అనుకుని వాపసు పంపకండి.

ఇప్పటికే అడ్వాన్సు కట్టినవాళ్లకు పాత ధరే.