ఫ్యాన్ గరగరమంటే కొత్తది కొనాల్సిందేనా?

సంపాదకుల వారికి,

కావలిలో ఇంట్లోనే బట్టలు కుట్టుకుంటాను. రోహిణి కార్తెలో నా కుట్టుమిషన్ మోతను మించి గరగరలాడింది సీలింగ్ ఫ్యాను. షాపులో అడిగితే చూడనైనా చూడకుండా "మోటారు పోయిందమ్మా, కొత్తది తీసుకో" అన్నారు. మా వీధి పెద్దాయన విప్పితే, గ్రీజు ఎండి బేరింగులు అరిగాయి, అంతే! 6202 నంబరు బేరింగులు మార్చి, కొక్కెం దగ్గర రబ్బరు బుష్ కొత్తది వేసి, బోల్టు ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్ను కాళ్లు విడదీసి వంచాడు. (ఆ పిన్ను జారితే ఫ్యాను నెత్తినే.) ఇప్పుడు గాలే, చప్పుడు లేదు.

2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు కరెంటు ఆదా ఎంతో చెప్పే స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు, సంతోషం. ఆ పక్కనే బేరింగు నంబరు, ఫ్యాను తిరగడానికి ఊతమిచ్చే కెపాసిటర్ విలువ కూడా పెద్దక్షరాల్లో అచ్చేయిస్తే కంపెనీల సొమ్మేం పోయింది?

— ఒక దర్జీ, కావలి, నెల్లూరు జిల్లా