రెండు నిమిషాల పనికి ఆరేళ్లు

విశాఖపట్నం,
ఆదివారం మధ్యాహ్నం

ఒసేయ్ బుజ్జీ,

మొన్న ఫోన్లో "నొప్పెడుతుందా?" అని గుసగుసగా అడిగి, అంతలోనే గొంతు పెంచి "అక్కడ ఉల్లిపాయలు కేజీ ఎంత వదినా?" అన్నావు చూడు, మీ అత్తగారు గదిలోకి వచ్చారని అప్పుడే అర్థమైంది. నేను నీకు వదిననెప్పుడయ్యానే? ఫోన్ పెట్టేశాక ఒక్కదాన్నే నవ్వుకున్నాను. కాసేపటికి మనసు చివుక్కుమంది. నలభై మూడేళ్లొచ్చాయి, గర్భసంచి నోటి క్యాన్సర్ పరీక్ష గురించి మాట్లాడుకోవాలంటే మధ్యలో ఉల్లిపాయల్ని అడ్డం పెట్టుకోవాలా? అందుకే ఈ ఉత్తరం. చదివి చింపేస్తావో, బీరువాలో పట్టుచీరల కింద దాస్తావో నీ ఇష్టం.

ముందు నువ్వడిగిందానికి జవాబు. నాకు నొప్పి లేదు. ఇబ్బందిగా ఉంది, ఓ క్షణం లోపల చురుక్కుమన్నట్టయింది, అంతే. మంగళసూత్రం తెగినప్పుడు కంసాలి కొట్లో కూర్చుని నేను పడ్డ టెన్షన్లో ఇది సగం కూడా లేదు.

ఇక అసలు కథ. ఆరేళ్ల కిందట నెలసరి తేడాగా ఉందని వెళ్తే, డాక్టరమ్మ "ముప్పై దాటాయి కదా, ఓసారి పాప్‌స్మియర్ చేయించుకోండి" అని ఈ పరీక్షకే చీటీ రాసిచ్చింది. దాన్ని భద్రంగా కరెంటు బిల్లుల ఫైల్లో పెట్టాను. తర్వాత కరోనా. ఆ తర్వాత పెద్దాడి పదో తరగతి. తర్వాత మామయ్యగారి మోకాలి ఆపరేషన్. ఈ మధ్యలో ఆయనకి ఏటా షుగర్ పరీక్ష, అత్తయ్యకి కంటి పరీక్ష, కారుకి సర్వీసింగ్, అన్నీ గుర్తుచేసింది నేనే! పైగా బళ్లో ఆడపిల్లల్ని కూర్చోబెట్టి ఆరోగ్యం గురించి పాఠాలు చెప్పేదాన్ని కూడా నేనే. తీరిక లేదని అందరికీ చెప్పాను. నీకు మాత్రం నిజం చెప్తాను. సిగ్గు ఒకటి, ఏం బయటపడుతుందోనన్న భయం ఒకటి. చూపించుకోకపోతే లేనట్టే కదా అన్న మొండి లెక్క ఇంకోటి.

నన్ను కదిలించింది ఎవరో తెలుసా? మన చేపలావిడ. జాలారిపేట నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని వస్తుంది, నువ్వొచ్చినప్పుడు వంజరం ముక్కలు కోసిచ్చింది, ఆవిడే. ఓ రోజు మా గుమ్మంలో కూర్చుని చేపలు బాగుచేస్తూ, ఏదో వాన గురించి చెప్పినట్టు, "నిన్న శిబిరంలో గర్భసంచి నోటికి పరీచ్చ సేయించుకున్నానమ్మా, బాగుందన్నారు" అంది. నేను గబుక్కున వీధివైపు చూశాను, ఎవరైనా విన్నారేమోనని. అది గమనించి పకపకా నవ్వింది. "ఓలమ్మా, ఏటమ్మా సిగ్గు? నలుగుర్ని కన్నాను. అప్పుడు నేని సిగ్గు ఇప్పుడెక్కడ్నుంచి వస్తాది? మా వీధిలో ఒకావిడ దీంతోనే సచ్చిపోనాది. సివరి దాకా ఎవులికీ సెప్పలేదు."

ఆవిడకి చేసింది నాకు చేసిన పరీక్ష కాదు. నూడుల్స్‌లో వేసే వెనిగర్ ఉంటుంది చూడు, అందులో ఉండే ఎసిటిక్ యాసిడ్‌నే పలచగా దూదితో అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తారు. తేడా ఉన్నచోట తెల్లగా మచ్చ కడుతుంది. మైక్రోస్కోపు లేదు, ల్యాబు లేదు, సంగతి అక్కడికక్కడే తేలిపోతుంది. ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ వాళ్లు ఏళ్ల తరబడి ఇలా చేసి చూస్తే ఈ క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గాయట. పరీక్ష చేసింది డాక్టర్లు కూడా కాదు, నేర్పించి పంపిన మామూలు ఆరోగ్య కార్యకర్తలు. సర్కారు వాళ్లు కూడా 30 నుంచి 65 ఏళ్ల వాళ్లకి ఐదేళ్లకోసారి చేయమంటున్నది ఈ పద్ధతే.

వారం తిరక్కుండా నేనూ వెళ్లాను. ఒక ప్రైవేటు ఆసుపత్రి, పేరెందుకులే. హాలు నిండా జనం. కౌంటర్లో కుర్రాడు "పాప్‌స్మియర్ ఎవరండీ?" అని కేకేశాడు, ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు పేరు అరిచినట్టు. లేచి నిలబడ్డాక చీర సర్దుకోవాలో తల దించుకోవాలో తెలియలేదు. లోపల పరదా ఉంది గానీ జానెడు తక్కువైంది. అవతల నర్సులు టిఫిన్ల గురించి మాట్లాడుకుంటున్నారు. నేను పుట్టింది ఘోషాసుపత్రిలో కదా. బోర్డు మీద విక్టోరియా అని ఉన్నా, వన్‌టౌన్ వాళ్లకి అది ఘోషాసుపత్రే. ఘోషా అంటే పరదాయే కదే! అంత పేరున్న చోట పుట్టి, చివరికి జానెడు పరదా కోసం మొహమాటపడి అడగలేకపోయాను. నువ్వు మాత్రం అడుగు. "ఆ తెర పూర్తిగా వేయండమ్మా" అంటే ఎవరూ ఏమీ అనుకోరు, అనుకుంటే అనుకోనీ.

డాక్టరమ్మ మాత్రం బంగారం. మోకాళ్లు మడిచి కాళ్లు ఎడంగా పెట్టమంది. బాతుముక్కులాంటి సామానొకటి చూపించి, ఏం చేయబోతోందో ముందే చెప్పింది. అది చల్లగా తగులుతుంది. తర్వాత మస్కారా బ్రష్షులాంటి చిన్నదానితో గర్భసంచి నోటి దగ్గరి కణాలు తీసి, సీసాలో ముంచింది. పళ్లు బిగబడితే కిందా బిగుసుకుపోతుందట, నోరు తెరిచి ఊపిరి వదలమంది. నేను కళ్లు మూసుకుని సింహాచలం మెట్లెక్కుతున్నట్టు లెక్కపెట్టుకున్నాను. నూట ముప్పయ్యో మెట్టు దగ్గర "అయిపోయిందమ్మా, లేవండి" అంది. ఆరేళ్లు వాయిదా వేసింది దీనికా!

నా రిపోర్టు బాగానే వచ్చింది. ఆ ధైర్యంతో మా తోడికోడల్ని తీసుకెళ్లాను. ఇది మాత్రం నీలోనే ఉంచుకో. తనకి హెచ్‌పీవీ పరీక్ష, అంటే ఈ క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉందేమో చూసేది, చేస్తే పాజిటివ్ వచ్చింది. కారు దిగలేదు పిల్ల, అలాగే కూర్చుండిపోయింది. "క్యాన్సరా అక్కా?" అని అడగలేదు. "మీ మరిదికి ఏం చెప్పను?" అంది. ఈ వైరస్ ఎలా అంటుకుంటుందో ఫోన్లో అప్పటికే చదివేసింది మరి. మళ్లీ డాక్టరమ్మ దగ్గరికే లాక్కెళ్లాను. కాపురం చేసే వాళ్లలో దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చిపోయేదే ఇది అని చెప్పింది. చాలామందికి రెండేళ్లలో దానంతటదే పోతుందట, కొందరిలో ఏళ్లకేళ్లు కిమ్మనకుండా పడి ఉంటుందట. ఎప్పుడొచ్చిందో, ఎవరి వల్లో ఎవరూ చెప్పలేరు. పోకుండా ఉండిపోతేనే తంటా. అదీ క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 15, 20 ఏళ్లు పడుతుంది కాబట్టి, ఆలోపు పట్టుకుంటే చాలు. తనకి కాల్పోస్కోపీ అని పెద్దది చేసి చూపే అద్దంతో చూసి, ఏడాది తర్వాత మళ్లీ రమ్మన్నారు. మరిదికి నేనే చెప్పాను. కాసేపు గోడకేసి చూసి, "మందులేమైనా కొనాలా వదినా?" అన్నాడు. వాడి మీద నాకున్న పాత కోపాలు సగం పోయాయనుకో.

అన్నట్టు, చోడవరం దగ్గర మా పెద్దమ్మ సంగతి నీకు తెలుసు. తెల్లబట్ట అవుతోందని వెళ్తే "వదిలేస్తే క్యాన్సరవుతుంది" అని బెదిరించి, ముప్పై రెండేళ్లకే గర్భసంచి తీసేశారు. ఒక్క పరీక్ష చెయ్యలేదు. మన రాష్ట్రంలో ఇలా తీయించుకున్న వాళ్లు ఎంతమందో! పొట్ట కోయించుకోవడానికి లేని జంకు రెండు నిమిషాల పరీక్షకి ఎందుకో నాకర్థం కాదు. కాదులే, అర్థమవుతుంది. ఆపరేషన్ అంటే ఇంటిల్లిపాదీ వచ్చి హార్లిక్స్ కలిపిస్తారు. పరీక్షకి ఒక్కదానివే వెళ్లాలి, "నీకేమైందని?" అన్న మాటకి జవాబు చెప్పుకోవాలి. మీ అక్కకి కూడా ఆపరేషన్ అయిందన్నావు కదా, గర్భసంచి నోటి భాగం కూడా తీశారా, ఉంచేశారా అని డిశ్చార్జి కాగితాల్లో చూడమను. ఉంచేస్తే తనకీ ఈ పరీక్ష కావాల్సిందే.

2019–21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఈ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 1.9 శాతమట. వందమందికి ఇద్దరు కూడా లేరు! మన డిగ్రీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అడుగుదామని టైపు చేసి, చెరిపేశాను. చూశావా, ఇంత రాసినా నా ధైర్యం ఇంతే.

ఇంకో ముచ్చట. పాప్‌స్మియర్ పరీక్షకి పాపానికొలావ్ అనే డాక్టరు పేరు పెట్టారు. ఆయన పరిశోధనకి ఏళ్ల తరబడి తన కణాల నమూనాలిచ్చింది వాళ్లావిడ మేరీ. పేరు మాత్రం ఆయనది! ఇది చదివి మా ఆయనకి వినిపిస్తే, "మరి నీ రిపోర్టులో భర్త పేరు కూడా రాశారుగా" అన్నాడు. తీసి చూస్తే నిజమే.

సరే, సిరిమాను పండక్కి విజయనగరం వస్తున్నావు కదా, మా ఇంటికి రెండు రోజులు ముందే రా. మీ అత్తగారికి రైతుబజార్ అని చెప్పి బయల్దేరదాం. డాక్టరమ్మకి నేను చెప్పి ఉంచుతాను. ఒకవేళ ఏమైనా తేలినా ముంబై పరుగెత్తక్కర్లేదు. సర్కారు పెద్దాసుపత్రి కేజీహెచ్ ఉంది, అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. నేనున్నాను. ఒక్కటే షరతు. నెలసరి రోజుల్లో చెయ్యరు. ముందు రెండ్రోజులు మీ ఆయన్ని కూడా దూరంగా ఉండమను, జంషెడ్‌పూర్లో ఉంటాడు కాబట్టి ఆ బాధ లేదు. అందుకని కేలెండర్ దగ్గర పెట్టుకుని, లెక్క చూసుకుని మరీ టికెట్ చేయించు. తేదీ ఖాయమయ్యాక ఫోన్ చెయ్యి. అత్తగారు పక్కనుంటే ఉల్లిపాయల రేటు అడుగు, నాకర్థమవుతుంది.

నీ
చిన్ని